చేతికి అలవాటైన వదులు



మేము ఈ నెల కారును గూర్చి వ్రాయడము చూచి కొందరు నవ్వుకోవచ్చును. దైవసేవకునికి గ్రీజు డబ్బాతో ఏమి పని అని అడిగినవారు మా సంఘములోనే ఉన్నారు. అయితే దివిసీమలో మూడు గ్రామములలో ఆరాధన జరిపించే వానికి బండి లేనిదే ఆదివారము గడవదు. ఉదయము 7 గంటలకు ఒక చోట, 10 గంటలకు ఇంకొక చోట, సాయంకాలము మూడవ చోట ఆరాధన. మధ్యలో నడవలేని వృద్ధులను, చంటిబిడ్డల తల్లులను ఎక్కించుకోవాలి, తిరిగి ఇండ్లకు చేర్చాలి. మా దారులు చాలావరకు కాలువ గట్ల మీదనే. ఒక ప్రక్క నీళ్ళు, ఒక ప్రక్క వరి మడులు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఇద్దరిలో ఒకరు వెనుకకు పోవలసిందే.

2013లో మాకు ఒక పాత అంబాసిడరు దొరికినది. పదవీ విరమణ చేసిన ఒక వైద్యుడు సంఘమునకు తక్కువ ధరకు ఇచ్చారు. 1990ల నాటి డీజిలు బండి. పవర్ స్టీరింగు లేదు. నిలిపిన చోట చక్రము తిప్పాలంటే భుజములలో బలముండాలి. ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనా తీసుకొని, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారములో హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో ఈ బండ్లను చేయడము మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆపివేశారు. అంబాసిడరు అనే పేరును 2017లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ వారు 80 కోట్ల రూపాయలకు కొన్నారని పేపరులో చదివినప్పుడు, మా బండి వంక చూచి, నీ పేరుకు ఎంత విలువ కట్టారో చూడు అనుకున్నాము. అప్పటికి మా బండి పేరు మాత్రమే బాగున్నది. మిగిలినదంతా వదులు.

ఆ వదులును గూర్చియే చెప్పాలి.

మా బండికి మరమ్మతు చేసే మేస్త్రీ గారు ముస్లిము సహోదరుడు, అరవై దాటిన పెద్దమనిషి. మమ్మును అయ్యగారూ అంటారు, మేము ఆయనను భాయ్ అంటాము. 2016 నవంబరులో ఆయన బండి ముందు భాగమును జాకీతో లేపి, కుడి చక్రమును రెండు ప్రక్కలా పట్టుకొని ఊపి చూశారు. లోపల ‘టక్’మని చిన్న చప్పుడు. మమ్మును పిలిచి, "ఇటు చెయ్యి పెట్టండి అయ్యగారూ. టై రాడ్ ఎండు పోతున్నది. పైన రబ్బరు తొడుగు చిరిగింది, నీళ్ళు లోపలికి పోతున్నాయి. మార్చేద్దాము" అన్నారు.

మేము చెయ్యి పెట్టాము. ఆ చప్పుడు మా వేళ్ళకు తెలిసినది కూడా. అయినను, "క్రిస్మసు కానివ్వండి భాయ్, తరువాత చూద్దాము" అన్నాము. ఆ సంవత్సరము సంఘ కమిటీ వారు బండి నిమిత్తము 12,000 రూపాయలు కేటాయించారు. క్రిస్మసుకు జిల్లా నుండి పెద్దలు వస్తున్నారు. మేము ఆ డబ్బుతో ముందు రెండు మడ్‌గార్డులకు రంగు వేయించి, సీట్లకు క్రొత్త కవర్లు కుట్టించాము. టై రాడ్ ఎండు ఖరీదు ఆ సీటు కవర్లలో నాలుగవ వంతు కూడా కాదు. కాని అది చక్రము వెనుక, బురదలో, ఎవరి కంటికీ కనబడని చోట ఉంటుంది. సీటు కవర్లు అందరూ చూశారు, బాగున్నవన్నారు.

క్రిస్మసు వెళ్ళినది, ఈస్టరు వెళ్ళినది. జూన్ నెలలో ఒక సాయంకాలము మాకు తలనొప్పిగా ఉండి, మా సంఘ పెద్దలలో ఒకరిని బండి నడపమన్నాము. ఆయన ముప్పై ఏండ్లు లారీ తోలినవారు. అర మైలు పోకముందే గట్టు మీద బండి ఆపి, "అయ్యగారూ, ఈ బండి మీ మాట వినడము లేదు, మీరే దాని మాట వింటున్నారు. స్టీరింగు ఇంత తిప్పితే గాని చక్రము కదలడము లేదు" అని తన అరచేయి వెడల్పు చూపించారు.

మేము నమ్మలేదు. మాకు బండి తిన్నగానే పోతున్నట్టుండేది. ఆయన లారీ చేతికి కారు తేలికగా తోచినదేమో అనుకున్నాము. నిజమేమంటే, నెలనెలా కొంచెము కొంచెముగా పెరిగిన ఆ వదులుకు మా చేతులు అలవాటు పడిపోయినవి. కుడికి లాగుతుంటే తెలియకుండానే ఎడమకు పట్టేవారము. మలుపుకు ముందే కొంచెము ఎక్కువ త్రిప్పేవారము. రోజూ నడిపే మాకంటె, ఒక్కసారి చక్రము పట్టిన వానికే ఎక్కువ తెలిసినది.

2017 ఆగస్టులో ఒక ఆదివారము, రెండవ ఆరాధన ముగిసినది. ముందు సీటులో మా సంఘపు అమ్మాయి ఒకామె, ఎనిమిదవ నెల గర్భిణి. వెనుక ఆమె అత్తగారు, మా భార్య, ఇద్దరు పిల్లలు. వాన వెలిసి గట్టంతా జారుడుగా ఉన్నది. ఆమె ఊరి దగ్గర గట్టు దిగి, చిన్న తూము మీదుగా వీధిలోనికి తిరగాలి. మనిషి నడిచేటంత మెల్లగా తిప్పుతున్నాము. కుడి ప్రక్క ‘ఠంగు’మన్నది. స్టీరింగు చేతిలో తేలికైపోయినది. ఆ తేలికను ఇప్పటికీ మరువలేము. ఎడమ చక్రము ఒక దిక్కు, కుడి చక్రము ఇంకొక దిక్కు చూస్తున్నవి. బ్రేకు త్రొక్కాము. బండి తూము రాతిని తాకి ఆగినది. ఎవరికీ గీత పడలేదు. ఆ అమ్మాయి తలుపు తీసుకొని దిగి, కడుపు మీద చెయ్యి వేసుకొని నిలబడినది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అదే పది నిమిషముల ముందు, గట్టు మీద, నలభై వేగములో జరిగియుంటే? అక్కడ కాలువ నిండా నీరున్నది.

బుధవారము కూటములో మేము సాక్ష్యము చెప్పాము. దేవుడు గొప్ప ప్రమాదము నుండి తప్పించాడని, ఆయన దూతలు తూము దగ్గర నిలిచారని చెప్పాము. అందరూ స్తోత్రములు చెల్లించారు. కొందరు కన్నీరు పెట్టారు. దేవుడు కాపాడెనన్న మాటలో అబద్ధము లేదు, ఇప్పుడును అదే నమ్ముతున్నాము. అయితే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముందు వరుసలో కూర్చున్న లారీ పెద్దాయన మేము చెప్పినంతసేపు తల వంచుకొని ఉన్నారు.

మరునాడు షెడ్డుకు పోయాము. భాయ్ ఆ విరిగిన జాయింటును కిరోసినులో కడిగి మా చేతిలో పెట్టారు. ఇది ఎట్టిదనగా, మన తుంటి ఎముక తల గిన్నెలో కూర్చున్నట్టు, ఒక ఉక్కు గుండు ఒక గిన్నెలో కూర్చుని అన్ని దిక్కులకు తిరుగుతుంది. లోపల గ్రీజు, పైన రబ్బరు తొడుగు. తొడుగు చిరిగితే దుమ్ము, నీరు పోయి గ్రీజు కొట్టుకొనిపోతుంది. మా సముద్రపు ఉప్పు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. గుండు అరిగి, గిన్నె మూతి అరిగి, చివరకు గుండు బయటకు ఊడి వస్తుంది. మా చేతిలోని గుండు ఒక ప్రక్క పూర్తిగా అరిగి, నాకిన బెల్లపు ముక్కవలె ఉన్నది. భాయ్ గద్దించలేదు. "ఇది ఒక్క రోజులో అరిగినది కాదు అయ్యగారూ" అన్నారు, అంతే.

వచ్చే ఆదివారము ప్రసంగమునకు ముందు ఆ జాయింటును బల్ల మీద పెట్టి, బుధవారము చెప్పిన సాక్ష్యము సగమేనని చెప్పాము. నవంబరులో మేస్త్రీ చెప్పినది, మేము సీటు కవర్లు కుట్టించినది, జూన్‌లో పెద్దాయన హెచ్చరించినది అంతా చెప్పాము. యాకోబు పత్రిక 3వ అధ్యాయములోని ఓడ చుక్కానిని గూర్చి ఆ జూలై నెలలోనే నలభై నిమిషములు ప్రసంగించినది కూడా ఒప్పుకున్నాము. సంఘము నిశ్శబ్దముగా ఉన్నది. మేము క్షమాపణ కోరినప్పుడు, ఓదార్పు మాట ఏదైనా వస్తుందని ఎదురుచూసియుంటాము. వెనుక నుండి ఆ అమ్మాయి అత్తగారు లేచి, "అప్పుడే చెప్పియుంటే మేము నడిచి వచ్చేవాళ్ళము గదా అయ్యగారూ" అని కూర్చున్నారు. మాకు అంతకంటె న్యాయమైన మాట ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుండి ప్రతి నెల మొదటి సోమవారము మేము షెడ్డులో ఉంటాము. భాయ్ మాకు నేర్పిన పాఠములు కొన్ని మీకును ఉపయోగపడునని వ్రాస్తున్నాము. మన సంఘములలో పాత జీపులు, వ్యానులు, కార్లు నడిపేవారు చాలామంది ఉన్నారు.

మొదట బండి ఎట్లు నిలుచున్నదో తెలుసుకోవాలి. అంబాసిడరు ముందు చక్రములకు కమాన్ కట్టలు లేవు, చుట్ట స్ప్రింగులు కూడా లేవు. బండి పొడుగున క్రింద రెండు ఉక్కు కడ్డీలు సాగుతాయి. ఒక కొస చక్రపు చేతికి, రెండవ కొస బండి అడుగుకు బిగించి ఉంటుంది. తడి బట్టను పిండేటప్పుడు ఒక కొస పట్టుకొని రెండవ కొస మెలిపెడతాము గదా, చక్రము గుంటలో పడి లేచినప్పుడు ఆ కడ్డీ అట్లే మెలిపడి తిరిగి నిటారవుతుంది. వీటినే టార్షన్ బార్లు అంటారు. ఒక ప్రక్క బండి వాలితే కొందరు ఈ కడ్డీలను విప్పి అటుది ఇటు వేస్తారు. అది చేయకూడదు. ఏండ్ల తరబడి ఒక వైపే మెలిపడిన ఉక్కు, ఎదురు మెలిక పడితే విరిగిపోవచ్చును. వాలును సరిచేయడానికి వెనుక కొస బిగింపు దగ్గర వేరే ఏర్పాటు ఉన్నది, అది తెలిసిన మేస్త్రీ పని.

వెనుక చక్రములకు మాత్రము కమాన్ కట్టలే. ఒక బద్ద విరిగితే కంటికి కనబడుతుంది. కట్టను ఇరుసుకు పట్టియుంచే యు బోల్టులు వదులైతే కనబడదు. వదులుగా నడిపితే మధ్య బోల్టు తెగి, ఇరుసు ప్రక్కకు జరుగుతుంది. అప్పుడు బండి పీతవలె వంకరగా నడుస్తుంది. వెనుక వచ్చేవారికి తెలుస్తుంది గాని లోపల కూర్చున్నవారికి తెలియదు. కట్టలు క్రొత్తగా వేయించినప్పుడు కొన్ని రోజులు బరువు మీద నడిపిన తరువాత ఆ బోల్టులను మరల బిగించాలని భాయ్ నొక్కి చెబుతారు. మేము ఒకసారి మరచిపోయి తిట్లు తిన్నాము.

స్టీరింగు పరీక్ష సుళువే. బండి నేల మీదనే, చక్రములు తిన్నగా ఉంచి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగును కొంచెము కొంచెముగా అటు ఇటు ఊపాలి. రెండవవారు ముందు చక్రము దగ్గర కూర్చుని చూడాలి. స్టీరింగు కదిలిన వెంటనే చక్రము కదలాలి. మధ్యలో ఎక్కడ కదలిక పోతున్నదో, ఏ జాయింటు ముందు ఎగిరి తరువాత లాగుతున్నదో కంటికే తెలుస్తుంది. దాని మీద చెయ్యి వేస్తే ఇంకా బాగుగా తెలుస్తుంది. ఈ పని ఒక్కరివల్ల కాదు. మాకు అది మంచిదే అనిపించినది.

తరువాత చక్రమును లేపి చూడాలి. గడియారములో మూడు, తొమ్మిది ఉండే చోట్ల టైరును పట్టి ఊపినప్పుడు వదులుంటే సాధారణముగా టై రాడ్ ఎండు గాని, స్టీరింగు పెట్టెలోని పళ్ళ కడ్డీ గాని కారణము. పైన, క్రింద, అంటే పన్నెండు, ఆరు ఉండే చోట్ల పట్టి ఊపినప్పుడు వదులుంటే చక్రపు బేరింగో, చక్రము తిరిగే పిన్నులో అరిగినవని అర్థము. ఈ రెండింటిలో ఏదో తెలియాలంటే ఒకరిని బ్రేకు త్రొక్కి పట్టమనాలి. వదులు పోతే బేరింగు, పోకపోతే పిన్ను. ఇంత చిన్న ఉపాయము మాకు ముందే తెలిసియుంటే ఒక మంచి బేరింగును పారవేసేవారము కాము.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి క్రిందికి దూరవద్దు. మెత్తని నేల మీద జాకీ ప్రక్కకు ఒరుగుతుంది. ఇటుకలు పగులుతాయి. మందమైన కొయ్య దిమ్మలు గాని ఇనుప స్టాండ్లు గాని పెట్టి, వెనుక చక్రములకు అడ్డు రాళ్ళు వేసి, బండిని ఒకసారి ఊపి చూచి అప్పుడు పని చేయాలి. విశ్వాసము వేరు, జాకీ వేరు.

టై రాడ్ ఎండు విప్పేటప్పుడు కుర్రవాళ్ళు మర మీదనే సుత్తితో కొడతారు. మర పాడైపోతుంది, జాయింటు మాత్రము కదలదు. భాయ్ అయితే జాయింటు దిగిన కన్నము చుట్టూ ఉన్న ఇనుముకు ప్రక్క నుండి రెండు దెబ్బలు వేస్తారు. బిగిసిన ఏటవాలు కాడ తనంతట తానే వదులుతుంది. పాతది విప్పేముందు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కపెట్టి, క్రొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. అప్పటికైనా అలైన్‌మెంటు చూపించక తప్పదు. లేకుంటే టైరు ఒక అంచు రంపపు పళ్ళవలె అరుగుతుంది. నట్టుకు వేసే స్ప్లిట్ పిన్ను ప్రతిసారి క్రొత్తది వేయాలి. కన్నము కలవకపోతే నట్టును ఇంకొంచెము బిగించి కలుపుకోవాలే గాని వెనుకకు వదలకూడదు. ఆ పిన్ను ఖరీదు ఎంతో తెలిస్తే, పాతదానినే వంచి వేసే మనిషిని మీరు మరల దగ్గరకు రానివ్వరు.

గ్రీజు మాటకు వస్తే, పాత బండ్లలో జాయింట్లకు గ్రీజు ఎక్కించే నిపుల్సు ఉంటాయి. బండిని లేపి, బరువు తీసి గ్రీజు కొడితే అన్ని ప్రక్కలా చేరుతుంది. ముందు నిపులును గుడ్డతో తుడవాలి, లేకుంటే గ్రీజుతో పాటు ఇసుకను మనమే లోపలికి నెట్టినవారమవుతాము. మా ప్రాంతములో చేపల చెరువుల మీదుగా, ఉప్పు నీటిలో నడిచిన తరువాత నెల వరకు ఆగకుండా కొడుతున్నాము. మూసివేసిన జాయింట్లకు నిపులు ఉండదు, వాటికి తొడుగు చిరగకుండా చూచుకోవడమే సేవ.

ఇప్పుడు అసలైన అంబాసిడరు సామానులు దొరకడము కష్టమవుతున్నది. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పే దుకాణములలో వెదకుతాము. అక్కడ పాతదానికే తళతళలాడే రంగు వేసి అమ్మేవారు ఉన్నారు. భాయ్ జాయింటును చెవి దగ్గర పెట్టుకొని ఊపి, వ్రేలితో తిప్పి, బిగువు చూచి గాని డబ్బు ఇవ్వరు. మేము రంగు చూచి మోసపోయే స్వభావము గలవారమని ఆయనకు తెలుసు గనుక, ఆటోనగర్‌కు ఒంటరిగా పంపరు.

కమిటీ పుస్తకములో ఇప్పుడు బండి ఖర్చు రెండు వరుసలుగా వ్రాస్తున్నాము, పైకి కనబడేది ఒకటి, కనబడనిది ఒకటి. రెండవ వరుస నిండేదాకా మొదటి వరుసకు రూపాయి తీయరాదని లారీ పెద్దాయన ప్రతిపాదించగా అందరూ ఒప్పుకున్నారు. ఆ నియమమువలన 2016లో కుట్టించిన సీటు కవర్లు చాలాచోట్ల చిరిగి, దూది కనబడుతున్నను అవే ఉన్నవి. మూడు నెలలకు ఒకసారి ఆ పెద్దాయన బండి తీసుకొని గట్టు మీద ఒక మైలు నడిపి వస్తారు. మేము ప్రక్కన కూర్చుంటాము, మాట్లాడము. ఆయన చెప్పినది ఆ రోజే వ్రాసుకుంటాము.

ఆ అమ్మాయికి 2017 సెప్టెంబరులో మగబిడ్డ పుట్టాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు. షెడ్డుకు పోకముందు మేము ఇంటి దగ్గర బండిని ఒకసారి చూచుకొనే సోమవారములలో, బడి లేకుంటే వాడు వచ్చి నడిపేవారి సీటులో కూర్చుంటాడు. కాళ్ళు నేలకు అందవు. తాళము చెవి మా జేబులోనే ఉంటుంది. వాడు రెండు చేతులతో స్టీరింగును అటు ఇటు ఊపుతూ ఉంటే మేము ముందు చక్రము దగ్గర కూర్చుని టై రాడ్ మీద చెయ్యి వేసి చూస్తాము. కొంతసేపటికి వాడికి విసుగు పుడుతుంది.

"చాలా అయ్యగారూ?" అని అరుస్తాడు.

"ఇంకొంచెము ఊపురా" అంటాము.